ఇనుము లేని స్లాబ్

స్లాబ్ పోసే రోజు చెబుతానన్నాడు.

ఇంట్లో నా గురించి చెప్పడానికి ఆ రోజే ఎందుకని అడిగాను. "మా బాపు మనసారా నవ్వేది స్లాబ్ రోజే. ఆ రోజు ఎవరేం అడిగినా కాదనడు. నేను సైకిల్ అడిగింది గూడ స్లాబ్ రోజే" అన్నాడు. అంటూనే నా చేతిలోంచి టీ కప్పు తీసుకుని సగం తాగి తిరిగి ఇచ్చాడు. తనకు విడిగా టీ కొనుక్కోవడం అతనికి అలవాటు లేదు.

వాళ్ళ నాన్నగారు హనుమకొండలో చిన్న చిన్న ఇళ్ళు కట్టించేవారు. ఇంటి కప్పు పోసే రోజు ఆయనకు పండగట. మేస్త్రీకి కొత్త బట్టలు, కూలీలకు మటన్ కూరతో భోజనం, వీధి వీధంతటికీ పిలుపు. ఇప్పుడు అమ్మానాన్నలిద్దరూ కొన్ని నెలలు ఉండిపోవడానికి కొడుకు దగ్గరికి, అమెరికాలో టెక్సస్‌లోని ప్లేనోకి వస్తున్నారు. అతను కొనుక్కున్న ఇంటి వెనక పెరట్లో, వాళ్ళు సాయంత్రాలు కూర్చోవడానికి కాంక్రీట్ పోయించాలి. దాని డ్రాయింగ్ నాది. అది పోసిన రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, "ఈ డిజైన్ చేసిన అమ్మాయినే నేను పెళ్ళి చేసుకుంటాను" అని చెబుతాడు. మేం అనుకున్నది అదీ.

నేను నమ్మాను. నమ్మడానికి నాకు పెద్ద కారణాలు అవసరం లేకపోయింది.

మేమిద్దరం టెక్సస్‌లోనే ఒక యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతూ కలిశాం. మా ప్రొఫెసర్ పరిశోధన కాంక్రీట్‌లో ఇనుప రాడ్లకు బదులు పీచు వాడటం మీద. కొబ్బరి పీచు లాంటిది కాదు. ఉక్కు తీగను చిన్న చిన్న పిన్నుల్లా వంచి కత్తిరించినవి కొన్ని, గాజు పోగులు కొన్ని. మా వాటాకు వచ్చినవి మాత్రం ప్లాస్టిక్ పోగులు. చీపురు పుల్లల్ని వేలెడంత ముక్కలుగా తరిగినట్టు ఉండేవి. కాంక్రీట్ కలిపేటప్పుడే వాటిని గుప్పెళ్ళతో చల్లుతూ పోవాలి. ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడతాయి.

వాళ్ళ నాయనమ్మ మట్టిగోడకు వరిగడ్డి తరిగి కలిపేదట. "గదే పని. ఆమెకు డిగ్రీ ఇయ్యలే, మనకిస్తున్నరు" అనేవాడు.

నేను ఎవరితోనూ గబగబా మాట్లాడలేను. మాట నోటిదాకా వచ్చేసరికి అవతలివాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోతారు. అందుకని ల్యాబ్‌లో ఖాళీ దొరికితే మూలన బకెట్ బోర్లించుకుని పుస్తకం చదువుకునేదాన్ని. అతను నాకు లైబ్రరీ అని పేరు పెట్టాడు. "ఓ లైబ్రరీ, జర ఆ తాపీ ఇటు ఇయ్యి." అతను మాత్రం నా మాట నోటిదాకా వచ్చేవరకూ ఆగేవాడు. తల పక్కకు వంచి, కళ్ళు ఆర్పకుండా ఆగేవాడు. నాకు తెలిసిన మనుషుల్లో అలా ఆగినవాళ్ళు తక్కువ.

చిన్న చిన్న దూలాలు పోసి, అవి గట్టిపడ్డాక మిషన్ కింద పెట్టి విరగ్గొట్టడం మా పని. ఏమీ కలపని దూలం ఫట్‌మని ఒక్కసారిగా రెండు ముక్కలవుతుంది. మొదటిసారి ఆ చప్పుడుకు ఉలిక్కిపడి అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాను. పీచు కలిపిన దూలం అలా కాదు. ముందు వెంట్రుకంత బీట కనిపిస్తుంది. మిషన్ ఇంకా నొక్కుతూనే ఉంటుంది, బీట వెడల్పవుతుంది, లోపల పోగులు ఒక్కొక్కటే చిట్‌మని ఊడుతూ ఉంటాయి. అయినా ముక్కలు విడిపోవు. మేమిద్దరం అద్దం అవతల నిలబడి, ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. వేరే జంటలు సినిమాలకు వెళ్ళేవి కాబోలు.

ఆ పోగులు అన్నిటికీ అంటుకునేవి. సాక్సులకు, చున్నీకి, కారు సీటుకు. ఒకరోజు లంచ్ దగ్గర అతను చెయ్యి చాచి నా జడలోంచి ఒక పోగు తీశాడు. తీసి పడేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇద్దరం తలలు వంచుకుని తినడం మొదలుపెట్టాం. ఆ రోజు డైరీలో ఏం రాయాలో తెలియక, ఎండ బాగా కాసిందని రాశాను.

చదువయ్యాక ఇద్దరికీ ప్లేనోలో ఒకే ఆఫీస్‌లో ఉద్యోగం దొరికింది. గోడౌన్లకు, పార్కింగ్‌లకు నేలలు డిజైన్ చేసే చిన్న సంస్థ. ఆఫీస్‌లో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో అమ్మకు మాత్రం తెలుసు. "ముందు వాళ్ళ వైపు చెప్పనియ్యి. మగపిల్లాడి తరఫు వాళ్ళు అడిగితేనే మర్యాద" అంది అమ్మ. అలా నేను ఎదురుచూడటం మొదలుపెట్టాను. అతను చెప్పడానికి ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. వాళ్ళ చెల్లెలి పెళ్ళి, వాళ్ళ నాన్నగారి కంటి ఆపరేషన్, వీసా. వాటిలో ఏదీ సాకు కాదు, అన్నీ నిజంగానే వచ్చాయి.

ప్లేనో నేల నల్లరేగడి. మా తెనాలి చుట్టుపక్కల నేల లాంటిదే. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. దాని మీద కట్టిన ఇల్లు కూడా దాంతోపాటు కదులుతుంది. అందుకే ఇక్కడ వానలు లేని రోజుల్లో గోడల వెంబడి చిల్లుల పైపు పరిచి ఇంటి పునాదికి నీళ్ళు పెడతారు. వాళ్ళ అమ్మగారు వచ్చిన కొత్తలో అది చూసి, "చెట్టుకు పెడ్తరు గని, ఇంటికి నీళ్ళు పెడ్తరారా? పెరుగుతదా ఏంది?" అన్నారట. అతను నాకు చెప్పి పడీ పడీ నవ్వాడు. ఆవిడను చూడకముందే నాకు ఇష్టం కలిగింది.

పెరట్లో అంతకుముందు ఉన్న కాంక్రీట్ పలక అడ్డంగా, నిలువుగా పగిలిపోయి ఉండేది. దాన్ని పగలగొట్టించిన రోజు నేనూ వెళ్ళాను. అప్పటికి వాళ్ళ అమ్మానాన్నలు ఇంకా రాలేదు. ముక్కలు తిరగేస్తే ఇనుప జాలీ అడుగున ఉంది. కాంక్రీట్ లోపల కాదు, కింద మట్టిలో కూరుకుపోయి, తుప్పు పట్టి, చేత్తో పట్టుకుంటే పొడి రాలుతోంది. ఇనుము పలక మందం మధ్యలోనో, కాస్త పైనో ఉంటేనే బీటను పట్టి ఉంచుతుంది. పోసేవాళ్ళు దాన్ని నేల మీదే పరిచి, మీద నడుచుకుంటూ పోసేస్తే, ఇనుము ఉండీ లేనట్టే. పీచుతో ఈ తంటా లేదు. కాంక్రీట్ ఎక్కడుంటే పీచు అక్కడే ఉంటుంది. ఇంటి కప్పుకైతే ఇది చాలదు, గాల్లో నిలబడే దానికి రాడ్లు కావాల్సిందే. కానీ నేల మీద పరుచుకుని ఉండే పలకకు, పెరట్లో నలుగురు కూర్చునే చోటుకు, ఇది చక్కగా సరిపోతుంది.

"ఒక్క సలాక గూడ లేకుంట పోద్దాం" అన్నాడతను, ఆ తుప్పు ముక్కను చెత్తలోకి విసిరేస్తూ.

నేను ఆ డ్రాయింగ్ మీద కూర్చున్నన్ని సాయంత్రాలు ఏ గోడౌన్ మీదా కూర్చోలేదు. అంత చిన్నదానికి అంత అవసరం లేదు. అంచులు ఎక్కడ మందంగా ఉండాలో, వాననీళ్ళు ఎటు జారాలో గీస్తూ, వంటింటి తలుపు దగ్గర మెట్టు లేకుండా నేలకు సమంగా కలిపాను. వాళ్ళ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులని విన్నాను. తూర్పు వైపు కొంచెం ఎక్కువ జాగా వదిలాను. అక్కడ ముగ్గు వేసుకోవచ్చు. ఎవరు వేస్తారో డ్రాయింగ్‌లో రాయలేదు.

వాళ్ళ నాన్నగారు వచ్చి అప్పటికి కొన్ని వారాలైంది. ఆయనకు ఇక్కడ ఏమీ తోచడం లేదని అతను రోజూ చెప్పేవాడు. పొద్దున్నే లేచి వీధి చివరిదాకా నడిచి వచ్చేవారట. మాట్లాడటానికి ఒక్క మనిషి కనిపించేవాడు కాదట. వచ్చి గోడ మీద వేళ్ళతో కొట్టి చూసేవారట. "గిదేం గోడరా? డబ్బా లెక్క మోగుతున్నది" అని, సోఫాలో కూర్చుని ఫోన్‌లో ఊరి వార్తలు చూసుకునేవారట.

"రాడ్లు ఉండవని మీ నాన్నగారికి చెప్పావా?" అని ఒకసారి అడిగాను.

"చెప్త."

"ముందే చెబితే మంచిది కదా. ఆయనకు వింతగా ఉంటుంది."

"అరే, చెప్త అన్న గద. నువ్వు సున్నుండలు తెస్తవా, లేదా? అది చెప్పు ముందు."

స్లాబ్ రోజు శనివారం. ఎండ ముదరని వసంతకాలం. లేత ఆకుపచ్చ కాటన్ చుడీదార్ ఇస్త్రీ చేసుకున్నాను. కాళ్ళకు చెప్పులా, సైట్ బూట్లా అన్నది తేల్చుకోలేక చెప్పులు కార్‌లో పెట్టుకుని బూట్లు వేసుకున్నాను. మొదటిసారి చూసేవాళ్ళు నా కాళ్ళ వంక చూస్తారేమో అనిపించింది. సున్నుండల డబ్బా పక్క సీట్లో పెట్టి, జారిపోకుండా సీట్ బెల్ట్ కూడా పెట్టాను.

పక్క గేటు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. చుట్టూ చెక్కలు బిగించి ఉన్నాయి. లోపల కంకర చదును చేసి ఉంది. కంకర మీద, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, ఇనుప రాడ్లు గళ్ళు గళ్ళుగా పరిచి ఉన్నాయి.

మధ్యలో ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని ఉన్నారు. లుంగీ ఎగ్గట్టి, కొడుకు బేస్‌బాల్ టోపీ పెట్టుకుని, రాడ్లు కలిసే చోట తీగ చుట్టి కొక్కెంతో మెలి తిప్పుతున్నారు. ఆ మెలి తిప్పడంలో ఎంత వేగం, ఎంత ఒడుపు! పోయడానికి వచ్చిన మెక్సికన్ కుర్రాళ్ళు పారల మీద ఆనుకుని ముచ్చటగా చూస్తున్నారు.

ఆయన తలెత్తి నన్ను చూశారు. "రా బిడ్డా! మావోని ఆఫీసుల ఇంజనీరు పిల్లవు నువ్వేనా? చూడు ఎట్ల కట్టిన్నో. అమెరికాల ఇసొంటి కట్టుడు ఎవడన్న కడ్తడా?"

"బాగుందండీ" అన్నాను. నిజంగానే బాగుంది.

అతను కంచె పక్కన ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళేదాకా తల ఎత్తలేదు.

"ఇదేంటి?"

"నిన్న బాపును హార్డ్‌వేర్ స్టోర్‌కు తీస్కపోయిన, ఊరికే చూస్తడని. సలాకలు కనవడ్డయ్, ఇంకాగలే."

"మరి ఫైబర్?"

"కాంక్రీట్ ప్లాంట్‌కు కాల్ చేసి క్యాన్సిల్ చేసిన. రెండూ ఎందుకని."

"ఆయనకి చెప్పలేదా?"

"చెప్పబోయిన." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సలాక లేకుంట పోస్తే పదిమందిల నవ్వుతరు కొడుకా అన్నడు. నేనేం చెప్పాలె? అటు చూడు లైబ్రరీ. ఇక్కడికొచ్చినంక గిట్ల నవ్వుడు ఇదే ఫస్ట్."

అటు చూశాను. ఆయన ఆ కుర్రాళ్ళలో ఒకడి చేతికి కొక్కెం ఇచ్చి, ఎలా తిప్పాలో చేత్తో పట్టి నేర్పిస్తున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు చూశాక కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు. కోపం రావాల్సిన చోట భయం వచ్చింది.

"రాడ్లు కంకర మీదే పడుకుని ఉన్నాయి. వాటిని ఎత్తి పట్టే బిళ్ళలు కింద లేవు" అన్నాను.

"పోసేటప్పుడు లేపుతం."

"లేపితే నిలబడవని థీసిస్‌లో రాసింది నువ్వే కదా."

అతను నవ్వాడు. నా వైపు కాకుండా కాంక్రీట్ ట్రక్ రావాల్సిన వైపు చూస్తూ నవ్వాడు.

"భోజనాలయ్యాక చెబుతావుగా?" అని అడిగాను. అలా అడగాల్సి వస్తుందని పొద్దున కార్ ఎక్కేటప్పుడు అనుకోలేదు.

"చెప్త అన్న గద."

లోపలి నుంచి వాళ్ళ అమ్మగారు పళ్ళెంలో పసుపు, కుంకుమ, హారతి, కొబ్బరికాయ పట్టుకుని వచ్చారు. "అమ్మా, మా ఆఫీస్ కొలీగ్" అని చెప్పాడు. ఆవిడ నా బూట్లు చూడలేదు. నా ముఖం చూసి, "ఎండకు ఎర్రగైనవ్ బిడ్డా, లోపలికి రాకపోయినవా" అన్నారు.

మూల రాడ్‌కు పసుపు పూసి, కుంకుమ పెట్టి, పెద్దాయన కొబ్బరికాయ కొట్టారు. మెక్సికన్ మేస్త్రీ టోపీ తీసి గుండెల దగ్గర పట్టుకున్నాడు. ట్రక్ వచ్చింది. మొదటి తట్ట ఇంటివాళ్ళు పోయాలి. వాళ్ళ అమ్మగారు హారతి పళ్ళెం నా చేతికిచ్చి, తట్టకు బొట్టు పెట్టడానికి వంగారు. అతను తట్ట ఎత్తుకున్నాడు. ఆ కాసేపు మేమిద్దరం పక్కపక్కన నిలబడి ఉన్నాం, నా చేతిలో హారతి, అతని చేతిలో తట్ట.

"జంటగ పొయ్యాలె గని, నీకింక జంట లేకపాయె!" అన్నారు పెద్దాయన గట్టిగా. "ఒక్కనివే పొయ్యి."

అందరూ నవ్వారు. తెలుగు రాని కుర్రాళ్ళు కూడా నవ్వారు. అతనూ నవ్వాడు. తట్ట ఒక్కడే పోశాడు.

తర్వాత పని వేగంగా సాగింది. తోపుడు బండ్లతో కాంక్రీట్ తెచ్చి పోస్తున్నారు. ఎక్కడ కాలు పెట్టినా రాడ్లు కిందికి కుంగుతున్నాయి. అతను రబ్బరు బూట్లు వేసుకుని, కొక్కెంతో రాడ్లను పైకి లాగుతూ తిరిగాడు. తను లాగిన చోటికి వెనకే ఇంకొకడు వచ్చి కాలు పెట్టేవాడు, అవి మళ్ళీ కిందికి పోయేవి. అది అతనికి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. అయినా చివరిదాకా లాగుతూనే ఉన్నాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. అతన్ని అలా చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు నాకే తెలియలేదు.

భోజనాలు గరాజ్‌లో పెట్టారు. బగారా అన్నం, చికెన్ కూర. "ఈడ మటన్ మంచిగ దొర్కలే" అని పెద్దాయన మేస్త్రీకి సంజాయిషీ చెప్పుకున్నారు. మేస్త్రీ భుజం మీద కొత్త తువ్వాలు కప్పారు. మేస్త్రీ దాన్ని మెడ చుట్టూ వేసుకుని, "యువర్ డాడ్, వెరీ గుడ్ బాస్" అని అతనితో అన్నాడు.

వంటింట్లో వాళ్ళ అమ్మగారు, నేను పెరుగన్నం కలుపుతున్నాం. ఆవిడ ఊరికే మాట్లాడుతూ ఉన్నారు, నేను జవాబులు చెప్పకపోయినా సాగిపోయే మాటలు.

"మీదేవూరు బిడ్డా?"

"తెనాలి దగ్గరండీ."

"ఆంధ్రనా. మాట ముద్దుగున్నది. పెండ్లయిందా?"

"లేదండీ."

"చూస్తలేరా మీవోళ్ళు?"

"చూస్తారండీ."

"మావోనికి చూస్తనే ఉన్నం. మావోళ్ళల్లనే, వరంగల్ చుట్టుపక్కల పిల్లయితే మాకు పోను రాను మంచిగుంటది. ఏ పిల్ల ఫొటో చూపెట్టినా వద్దంటడు. ఎందుకురా అంటే చెప్పడు."

అప్పుడే అతను మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చాడు. మోచేతుల దాకా సిమెంటు. ఆవిడ అతన్ని చూసి, నా వైపు తిరిగి, ఆట పట్టిస్తున్నట్టు అన్నారు. "నువ్వు రోజు గీయన పక్కనే కూసుంటవు గద బిడ్డా. నీకు తెలుస్తది. ఎవ్వరినన్న చూసుకున్నడా? నిజం చెప్పు."

నా చేతికి పెరుగు అంటుకుని ఉంది.  ఎలాగో అన్నాను.

"ఆయన్నే అడగండి ఆంటీ."

నా జీవితంలో నేను అంత పెద్ద మాట అనలేదు. బయటివాళ్ళకు అది మాటే కాదని నాకు తెలుసు. కానీ అతనికి తెలుసు. నేను మాట్లాడేదాకా ఎన్నోసార్లు ఆగినవాడు అతను. ఇప్పుడు అతని కోసం నేను ఆగాను.

"ఏందిరా, ఉన్నరా ఎవరన్న?" అన్నారు వాళ్ళమ్మ నవ్వుతూ. ఆ అడగడంలో కోపం లేదు. ఒకమ్మాయి ఉందని అతనంటే ఆవిడ ఏమనేవారో నాకు తెలియదు. ఏడ్చేవారేమో. ఏడ్చి, తర్వాత నా ఊరి గురించి మళ్ళీ అడిగేవారేమో.

కుళాయి కింద గ్లాసు నిండి పొర్లుతోంది. అతను కుళాయి కట్టాడు.

"ఎవ్వరు లేరమ్మా" అన్నాడు.

నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, బయటికి వెళ్ళిపోయాడు.

"సూసినవా! ఇగ నువ్వే చెప్పాలె బిడ్డా ఈయనకు. మా మాట వినడు గని, ఆఫీసోళ్ళ మాట వింటడు" అంటూ ఆవిడ నాకు పెరుగన్నం పెట్టారు. తిన్నాను. మళ్ళీ పెట్టబోతే చాలన్నాను.

బయట కాంక్రీట్ మీద మేస్త్రీ తాపీ తిప్పుతున్నాడు. గాలి వీస్తోంది, పైభాగం తొందరగా ఆరిపోతోంది. ఇప్పుడే కప్పి నీళ్ళు చల్లకపోతే సన్న బీటలు వస్తాయని మేస్త్రీకి చెప్పాను. డ్రాయింగ్ నాది కాబట్టి అంతవరకు చెప్పాలనిపించింది. పెద్దాయన పక్కకు వచ్చి, "ఎన్ని రోజులు నీళ్ళు పెడ్తం బిడ్డా ఈడ?" అని అడిగారు.

"వారం రోజులు పెట్టండి అంకుల్. గోనెపట్టా ఏదైనా కప్పి, ఆరకుండా."

"మంచి ఇంజనీరువు" అన్నారు. "మొగోళ్ళ లెక్క సైటుకు రావుడు మంచిదే. మా కాలంల లేకుండె."

కార్‌లోకి వచ్చాక బూట్లు విప్పి చెప్పులు వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో తెలియదు. ఇంటికే కదా వెళ్ళేది.

మర్నాడు అతను మా అపార్ట్‌మెంట్‌కు వచ్చాడు. పైకి రమ్మనలేదు నేను. పార్కింగ్‌లో అతని కార్‌లో కూర్చున్నాం.

"అందరి ముందట అట్ల అడిగితే ఎట్ల చెప్త?" అన్నాడు.

"అందరూ లేరు. మీ అమ్మగారు ఒక్కరే ఉన్నారు."

"వాళ్ళు వాపస్ పోనియ్యి. పోయినంక ఫోన్‌ల చెప్త. ఫోన్‌ల అయితే ఈజీ. ఇంకొన్ని రోజులు ఆగు."

 అతను ఆగాడు, ఎప్పటిలాగే తల పక్కకు వంచి. అప్పుడు చెప్పాను.

"ఫైబర్ నీకు నా కంటే ఎక్కువ తెలుసు. మీ నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పడానికి నీకు అరగంట చాలు. మట్టిగోడలో గడ్డి అంటే ఆయనకు నీ కంటే బాగా అర్థమవుతుంది. అది చెబితే ఆయన బాధపడరు, కొంచెం గొణుగుతారు. అంతే. ఆ గొణుగుడు కూడా నువ్వు పడలేకపోయావు. నా గురించి ఎలా చెబుతావు?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఇది ఇంకా కష్టం కదా."

అతను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. నా మీద ప్రేమ లేక కాదు. ప్రేమ లేదని తెలిస్తే నేను ఇంత కష్టపడేదాన్ని కాదు. అతనికి నేనూ కావాలి, వాళ్ళ నాన్న నవ్వూ కావాలి. రెండూ ఒకేసారి కావాలంటే ఒక్క పూట ఆ నవ్వు పోయినా ఓర్చుకోవాలి. అది అతనివల్ల కాదు. అతని వీపు మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాను. "ఇక వద్దు" అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. అతనికి వినపడింది.

ఆఫీస్‌లో అతను వేరే టీమ్‌కు మారాడు. మెట్ల దగ్గర ఎదురైతే ఇద్దరం ఫోన్లు చూసుకుంటాం. నేను ఇప్పటికీ గోడౌన్ నేలలే గీస్తున్నాను. ఎక్కువ వాటిలో పీచే రాస్తున్నాను. కొత్త రకం పోగులు తెచ్చిన సేల్స్ మనిషి చిన్న సంచీ నా టేబుల్ మీద పెట్టి వెళితే, దాన్ని సొరుగులోకి తోసేస్తాను. ఆ పెరట్లో కాంక్రీట్ పగిలిందో లేదో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. సరిగా పోయకపోయినా ఏళ్ళ తరబడి ఏమీ కాకుండా ఉండే పలకలు చాలా ఉంటాయి. వాళ్ళ నాన్నగారు సాయంత్రాలు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారని మాత్రం తెలుసు. వాళ్ళ అమ్మగారు చెప్పారు.

ఆవిడ నా నంబర్ ఆ రోజే తీసుకున్నారు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. మాకు జరిగిందేదీ ఆవిడకు తెలియదు. "మావోడు సరిగ తింటలేడు, ఆఫీసుల ఏమన్న టెన్షనా?" అని అడిగారు ఒకసారి. పని ఎక్కువగా ఉందని చెప్పాను. సున్నుండలు ఎలా చేశానో అడిగారు, నెయ్యి ఎంత వేయాలో చెప్పాను. ఆవిడ ఫోన్ వచ్చినప్పుడల్లా తీయకూడదనుకుంటాను. తీస్తాను.

పోయిన ఆదివారం వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. హనుమకొండ అమ్మాయి, ఫార్మసీ చదివిందట. పట్టుచీర, చెవి వెనక్కి సర్దిన జుట్టు, ఎవరో నవ్వమంటే నవ్విన నవ్వు. మావోడు ఈ పిల్లకు సరే అన్నడు, నీ లెక్క నెమ్మదస్తురాలు, ఎట్లుంది బిడ్డా అని కింద వాయిస్ మెసేజ్. ఆవిడ గొంతులో సంతోషం దాగడం లేదు.

ఆ అమ్మాయి ముఖం పెద్దది చేసి చూశాను. మాట్లాడాలంటే సిగ్గుపడే మనిషిలాగే ఉంది. ఆ అమ్మాయి నోటిదాకా మాట వచ్చేవరకూ అతను ఆగుతాడు. అందులో నాకు అనుమానం లేదు.

"చాలా బాగుంది ఆంటీ" అని పంపాను. వెంటనే దండం పెట్టే చేతుల బొమ్మ వచ్చింది. దాని వెనకే, "పెండ్లికి నువ్వు తప్పకుండ రావాలె, మావోని తరఫున" అని ఇంకో మెసేజ్. దానికి ఇంకా జవాబు ఇవ్వలేదు.